షజరా లేని వాళ్ళం

‘మీ వంశమేది?’ అని అడిగితే మేం తడబడతాం. సయ్యదుల ఇళ్ళల్లో షజరా ఉంటుంది. కరణాల ఇళ్ళల్లో కవిలెలుండేవి. మా ఇంట్లో అటకమీద దూదేకే విల్లొకటి ఉంది. అంతే.

మేం నల్లమల అంచు దూదేకులవాళ్ళం. ఊరి నుంచి ఊరికి అడవిదారిలో పరుపులు, దిండ్లు ఏక్కుంటూ తిరిగినవాళ్ళం. భూమి లేదు కాబట్టి పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి సర్కారు లెక్కల్లో మా పేర్లు లేవు. 1871 జనాభా లెక్కలు మమ్మల్ని తలలుగా లెక్కపెట్టి ఊరుకున్నాయి. 1909లో థర్‌స్టన్ మా ఆచారాల్లో హిందువులవెన్నో, ముస్లిములవెన్నో రాసుకున్నాడు. మమ్మల్ని చూసి రాశాడే తప్ప మా తాతల పేర్లు అడగలేదు.

అందుకే మేం జేజి దగ్గర కూర్చున్నాం. ఆమెకు తారీఖులు తెలీవు. కరువులు తెలుసు. ‘మా మామగారి నాయన ధాత కరువులో విల్లు భుజానేసుకొని కొండెక్కినాడంట’ అంది. ధాత కరువంటే 1876-78. మాకు దొరికిన మొదటి తేదీ అదే. దస్తగిరి, పుల్లన్న, హుస్సేనప్ప, కాశింబీ... నాలుగు తరాలు చెప్పింది. ఏ రికార్డులోనూ లేని ఆడవాళ్ళ పేర్లు ఆమె నోట్లోనే ఉన్నాయి. ఒకే ఇంట్లో పుల్లన్న, హుస్సేనప్ప ఎట్లా పుట్టారని ఆమెకు ఎన్నడూ అనుమానం రాలేదు. ఆ అనుమానం మాకు బడి నేర్పింది.

ఇక సమాధులు చూద్దామంటే మా పాత ఊరు కృష్ణలో ఉంది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం వందకు పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తరలించారు. మంచిపనే. మా వాళ్ళ సమాధుల మీద రాయే లేదు. మట్టిదిబ్బను ఎవరు మోస్తారు?

బంధువొకాయన సలహా ఇచ్చాడు: ‘అరబ్బు నుంచి వచ్చినామని రాయండి. పెండ్లి సంబంధాలకు మంచిది.’ ఇంకొకాయన, ‘మీరు మొదట హిందువులే, అదే రాయండి’ అన్నాడు. ఇద్దరికీ కావలసింది మా తాత కాదు, వాళ్ళ తాత.

సర్కారు మా గురించి రాసిన ముఖ్యమైన వాక్యం 1970 వెనుకబడిన కులాల జాబితాలో ఉంది: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్. అందులో వంశం లేదు, వృత్తి ఉంది. మాకు దాంతో సిగ్గు లేదు. అరబ్బు గుర్రం మీద వచ్చామని అబద్ధమాడితే, విల్లు మోసుకొని కొండెక్కిన మనిషికి మళ్ళీ మేమే గోరీ కట్టినట్టు.

జేజి పోయింది. ఆమె చెప్పిన పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆడవాళ్ళవి కూడా. ధాత కరువుకు ముందు గడి ఖాళీ. దాన్ని ఖాళీగానే ఉంచాం. మా షజరా కొండ దగ్గర మొదలవుతుంది. అది చాలదనేవాళ్ళు మా దగ్గరికి వచ్చి మాట్లాడాలి.