జడకు పట్టు ఎక్కడిది? యానిమేషన్‌లో ఒరిపిడి లెక్క

విరబోసుకున్న జుట్టు కంప్యూటర్ యానిమేషన్‌లో ఇప్పుడు నమ్మదగ్గట్టుగానే కదులుతోంది. పిక్సార్ 2012లో తీసిన ‘బ్రేవ్’లో మెరిడా ఉంగరాల జుట్టు అందుకు మంచి ఉదాహరణ. నూనె రాసి బిగించి అల్లిన మూడు పాయల జడ సంగతి వేరు. గోదావరి జిల్లాల పెళ్లికూతురి పూలజడను తెరమీద కదిలించాలంటే ఏం లెక్కించాలన్నది ఇక్కడి ప్రశ్న.

తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. అన్నిటి కదలికనూ లెక్కగట్టడం భారం కనుక సాధారణంగా కొన్నిటినే గైడ్ వెంట్రుకలుగా తీసుకుని, మిగతావాటిని వాటిమధ్య నింపుతారు. ఒక్కో వెంట్రుక వంపుకూ మెలికకూ 2006లో ‘సూపర్ హెలిక్స్’, 2008లో ‘డిస్క్రీట్ ఎలాస్టిక్ రాడ్స్’ పద్ధతులు వచ్చాయి. కానీ జడ విడిపోకుండా నిలిపేది ప్రధానంగా వెంట్రుకల మధ్య ఒరిపిడే. దాన్ని నిలకడగా లెక్కించే పద్ధతిని దావియే, బెర్తాయ్ తదితరులు 2011లో ప్రచురించారు.

ఈ ఒరిపిడి రెండువైపులా ఒకటి కాదు. వెంట్రుక పైపొరలోని పొలుసులు పెంకుటింటి కప్పులా ఒకదానిపై ఒకటి ఉండి, కొసవైపు తిరిగి ఉంటాయి. ఒక వెంట్రుకను రెండు వేళ్లమధ్య పట్టుకుని వేళ్లను మొదలు నుంచి కొసకు జరిపితే నున్నగా జారతాయి. కొసనుంచి మొదలుకు జరిపితే గరుకు తగులుతుంది. జుట్టు వ్యాపారానికీ ఇది తెలుసు. తలనీలాల్లో మొదళ్లన్నీ ఒకవైపే ఉంచి కట్టిన పాయలకు ధర ఎక్కువ. దువ్వెనకు ఊడివచ్చిన చిక్కు వెంట్రుకల్లో మొదళ్లు, కొసలు కలగలిసి ఉంటాయి. పొలుసులు ఎదురెదురై అవి సులువుగా చిక్కుపడతాయి.

దీన్నిబట్టి ఒక అనుమానం బలపడుతుంది. సొంత జుట్టుతో అల్లిన జడలో అన్ని మొదళ్లూ నెత్తివైపే ఉంటాయి. అక్కడ ఒకే ఒరిపిడి విలువ సరిపోవచ్చు. ఊడిన జుట్టుతో కట్టిన సవరం కలిస్తే అది చాలకపోవచ్చు. పూలు, జడకుచ్చుల బరువు పడినప్పుడు తేడా మరింత బయటపడవచ్చు.

నూనె విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కొబ్బరినూనె జుట్టులోని ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని రేలే, మోహిలే 2003లో చూపించారు. వారు కొలిచింది ప్రొటీన్ నష్టాన్ని, జడ పట్టును కాదు. ఆ ఫలితాన్ని నేరుగా సిమ్యులేషన్‌లోకి ఎక్కించడం సరికాదు.

అందుకే గైడ్ వెంట్రుకల సంఖ్య పెంచేముందు పొడి జడ, నూనె జడ, సవరం కలిపిన జడ మూడింటినీ ఒకే బరువుతో లాగి, పాయలు ఎంత జారాయో కొలవాలి. ఆ కొలతలతో సరిపోలని సిమ్యులేషన్‌ను, తెరమీద ఎంత అందంగా కనిపించినా, జడకు సరైన నమూనాగా ఒప్పుకోలేం.