పలుగు, పార, నిరీక్షణ

చర్చిలో నిరీక్షణ అనగానే పరలోకం మాటే వింటాం. ఇంజనీరుగా నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక మట్టిపని కాంట్రాక్టు. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం ఒప్పుకున్నారు. (అమెరికాలో ఆయన సర్వేయరు పని చేసినవారే!) బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు పలుగూ పారా ఇచ్చి, కూలి కట్టించారు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ చెబుతారు. నాకు ఆ ఆపడమే గొప్పగా తోస్తుంది. ఇప్పటికీ పొద్దున సైటులో మస్టరు పిలిచేటప్పుడు ఆ కాలువగట్టే మనసులో మెదులుతుంది.