చిల్లర లెక్కల్లో ఆడవాళ్లు

'డబ్బు' అనేది ఒకప్పుడు చిల్లర నాణెం పేరు. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం మచిలీపట్నం టంకశాలలో కొట్టించిన రాగి నాణేల్ని డబ్బులనే అనేవారు. ఆ రాగిబిళ్ల పేరే మన భాషలో మొత్తం ధనానికి పేరయింది. పేరిచ్చిన చిల్లరకి మాత్రం గౌరవం దక్కలేదు. చిల్లర మనుషులు, చిల్లర కబుర్లు, చిల్లర తిరుగుళ్లు! ఈ తిట్లు ఎక్కువగా ఎవరిమీద పడతాయో మనకి కొత్తగా చెప్పుకోనక్కర్లేదు. పోపుల డబ్బాలోనూ కొంగుముడిలోనూ దాగింది ఎప్పుడూ చిల్లరే. నోటు మగవాడి జేబులోది.

నాది కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022లో జిల్లా పేరు ఎన్టీఆర్ జిల్లాగా మారింది కానీ దారి మారలేదు. జగ్గయ్యపేట, నందిగామల మధ్య బస్సెక్కుతూ దిగుతూ చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. "చిల్లర ఇవ్వండమ్మా" అనే మాట విన్నన్నిసార్లు నా పేరు కూడా విని ఉండను. పదమూడు, పదిహేడు, ఇరవైరెండు... సరిగ్గా తెగని ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వాటిని సరిచేసినప్పుడల్లా ఆ తేడా ఎవరి కొంగులోంచి పోతుంది? ఈ ప్రశ్నలతో వెనక్కి వెళితే, ఈ చిన్న దారిలోనే పెద్ద చరిత్ర కనబడింది.

జగ్గయ్యపేట దగ్గరి గుట్టని ధనంబోడు అంటారు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడి బౌద్ధస్తూపాన్ని తవ్వించాడు. అక్కడ దొరికి, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక ఫలకం మీద చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు రాలుతుంటాయి. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, స్త్రీ, గృహపతి, మంత్రి ఆయన సప్తరత్నాలు. నాణేల వాన కురిసేది ఆయన కోసం. స్త్రీ ఏనుగుతో, గుర్రంతో పాటు లెక్కలోకొచ్చే ఒక రత్నం మాత్రమే. లెక్కపెట్టే మనిషిగా ఆమెను చూడటానికి చరిత్రకి చాలాకాలం పట్టింది.

1948 వరకు జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం. సరిహద్దు తిన్నగా ఉండేది కాదు. నందిగామ తాలూకాలోని మునగాల పరగణా చుట్టూ నిజాం నేల ఉండేది. నందిగామ నుంచి బెజవాడ వెళ్లే దారిలోని పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్లు మాత్రం నిజాం ఏలుబడిలో ఉండేవి. ఇటు ఇంగ్లీషు రూపాయి, అటు హాలీ సిక్కా. ఆరు ఇంగ్లీషు రూపాయలకి ఏడు హాలీ రూపాయలు అధికారిక మారకం. రూపాయల్లో ఈ లెక్క తేలికే. కానీ ఒక హాలీ అణా పట్టుకుని ఇటువైపు వస్తే దాని విలువ పది పైల మీద ఏడింట రెండు వంతులు. ఆ రెండు వంతులకి ఏ ప్రభుత్వమూ నాణెం కొట్టలేదు. బస్తాలు అమ్మే షావుకారు వందల్లో మార్చుకుంటే ఆ వంతులన్నీ కలిసి రూపాయలవుతాయి. పుట్టిల్లు కోదాడ వైపు, అత్తిల్లు ఇటువైపు ఉన్న ఆడమనిషి రెండణాలు మార్చుకుంటే ఆ వంతు పోయినట్టే. హాలీ సిక్కా పూర్తిగా కనుమరుగైంది 1959లో.

అంతకు రెండేళ్ల ముందే, 1957 ఏప్రిల్ 1న, దశాంశ పద్ధతి వచ్చింది. రూపాయికి పదహారణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. అణా అంటే ఆరుంబావు నయాపైసలు. పావు పైసా లేదు కనక పట్టికలు అచ్చేశారు. అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25. ఈ పట్టికని ఒకసారి ఆడవాళ్ల కళ్లతో చదవండి. మూడణాలు ఒకేసారి ఇస్తే పందొమ్మిది, మూడు విడతలుగా ఇస్తే పద్దెనిమిది. పదహారణాలు విడివిడిగా మారితే తొంభైయ్యారు, రూపాయిగా మారితే వంద. కొంచెం కొంచెంగా కొనేవాళ్లు, కొంచెం దూరమే వెళ్లేవాళ్లు రూపాయికి నాలుగు పైసలు పోగొట్టుకుంటారు. ఎవరూ మోసం చెయ్యలేదు. పట్టికే అలా ఉంది.

ఆ తర్వాత చిల్లర ఒక్కొక్కటే చచ్చిపోయింది. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న నాణేలన్నీ చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టప్రకారం బతికే ఉన్నా బజారులో ఎవరూ తీసుకోరు. పదిరూపాయల బిళ్ల చెల్లదనే పుకారు ముదిరితే, 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు రకాల బిళ్లలూ చెల్లుతాయని ప్రకటించాల్సివచ్చింది. ఈ కరువు మనదొక్కటే కాదు. 1970ల్లో ఇటలీలో చిల్లర దొరక్క బ్యాంకులు చిన్నమొత్తాల చెక్కులు అచ్చేశాయి, టెలిఫోన్ బిళ్లలు నాణేల్లా చేతులు మారాయి. మనకి చాక్లెట్లు చేతిలో పెట్టినట్టన్నమాట.

నాణేలు చచ్చినా లెక్కలు చావలేదు. బస్సు ఛార్జీ కిలోమీటరుకి ఇన్ని పైసలని లెక్కగడతారు. దాన్ని స్టేజీల దూరంతో హెచ్చవేసి, సెస్సులూ టోలూ కలుపుతారు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు ఛార్జీ కిలోమీటరుకి 10 పైసలు పెరిగింది. పది పైసల నాణెం చెల్లకుండా పోయి అప్పటికి ఎనిమిదేళ్లు! 2022 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ చిల్లర ఇబ్బంది తీర్చడానికి పల్లెవెలుగు ఛార్జీలను ఐదుకి సరిచేసింది. 12 రూపాయల టికెట్టు 10 అయింది, 13, 14 రూపాయలవి 15 అయ్యాయి. ఏప్రిల్లో మనవైపు డీజిల్ సెస్సు వేస్తూ, చిల్లర సమస్య పేరుతోనే పల్లెవెలుగు కనీస ఛార్జీని 10 రూపాయలు చేశారు.

సదుపాయమే, కాదనను. కానీ పదమూడు రూపాయల టికెట్టు మీద రెండు రూపాయలు పెరగడమూ, నూటముప్ఫై మీద రెండు పెరగడమూ ఒకటి కాదు. చిన్న స్టేజీల్లో ఎక్కేదెవరు? పత్తి తియ్యడానికో మిరపకాయలు కొయ్యడానికో పక్క ఊరికి వెళ్లేవాళ్లు, బుట్టతో సంతకి వెళ్లేవాళ్లు, బిడ్డనెత్తుకుని ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. మగవాడు ఇంటినుంచి పనికి ఒకే ప్రయాణం చేస్తే, ఆమె బడి, బజారు, ఆసుపత్రి అంటూ మూడు ముక్కల ప్రయాణం చేస్తుంది. ప్రతి ముక్కకీ ఒక కనీస ఛార్జీ. మళ్లీ ఆ 1957 పట్టికే!

ఇద్దరికీ కలిపి ఒక నోటిచ్చి "దిగాక పంచుకోండమ్మా" అనడం ఈ దారిలో పాత అలవాటు. అలా ఒకసారి నందిగామలో దిగి, మిరపకోతకి వెళ్లొస్తున్న ఒకామెతో పది రూపాయలు పంచుకోవాల్సివచ్చింది. "నోటు మీరుంచుకోండమ్మా, నా ఐదుకి అరటిపళ్లిప్పించండి, ఇద్దరి లెక్కా తీరుద్ది" అందామె. నేను ఇంకా చిల్లర కోసం దుకాణాలు చూస్తున్నాను, ఆమె లెక్క ముగించేసింది.

రెండోవైపు మహిళా కండక్టర్లున్నారు. డ్యూటీ ఎక్కేముందు తన సొంత డబ్బెంతో రాసివ్వాలి. తనిఖీలో సంచిలో తక్కువున్నా ఎక్కువున్నా సంజాయిషీ చెప్పుకోవాలి. బాకీపడ్డ రెండు రూపాయలు టికెట్టు వెనక రాస్తుంది. అందరూ వందనోట్లే ఇస్తే మొదటి ట్రిప్పులో ఆమె చిల్లర ఎక్కణ్ణుంచి తెస్తుంది? తెగని ఛార్జీని నిర్ణయించిన బల్ల దగ్గర ఆమె లేదు. దానికి మాటలు పడేది మాత్రం ఆమే.

2023 డిసెంబరు 9న తెలంగాణలో 'మహాలక్ష్మి' కింద, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' కింద ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలైంది. మధ్యలో ఇరవై నెలలు కోదాడ ఆడవాళ్లకి చిల్లర గొడవ లేదు, పేట ఆడవాళ్లకి ఉంది. స్త్రీ శక్తి నుంచి అంతర్రాష్ట్ర సర్వీసులను మొదట్లోనే మినహాయించారు. హాలీ సిక్కా నాటి గీతే మళ్లీ తేలింది.

ఉచితాన్ని వెక్కిరించే చిల్లర జోకులు అందరం విన్నాం. నాకు మాత్రం ఆ సున్నా టికెట్టు మీద ఆసక్తి. ప్రభుత్వం సంస్థకి డబ్బు కట్టాలి కనక, ఒక్కో ప్రయాణానికీ ఆడమనిషి పేరున ఒక టికెట్టు నమోదవుతోంది. సెస్సులకీ సరిచేతలకీ మధ్య జారిపోయిన ఆమె చిన్న ప్రయాణాలు ఇప్పుడు లెక్కకి దొరుకుతున్నాయి. ఏ ఊరినుంచి ఏ ఊరికి, ఏ వేళప్పుడు, ఎన్నిసార్లు ఎక్కి దిగుతోందో ఆ కాగితాల్లో ఉంది. మన యూనివర్సిటీల్లో ఎవరైనా ముందు ఆ లెక్కలు అడగాలి. వాటిని చూశాకే బస్సుల వేళలు, స్టేజీలు, సరిహద్దు దాటే సర్వీసులు నిర్ణయించమని అడగాలి.