పావుకిలో గరిక

"గరిక్కి డబ్బులిచ్చి కొన్నారా!" అన్నారు మా అత్తగారు.

అనడమే కాదు, కళ్లజోడు తెప్పించుకుని మరీ ఆ ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూశారు. "మన చేలో గరిక తవ్వించడానికి ఏటా ఎంత కూలి పోసేవాళ్లమో నీకేం తెలుసమ్మాయ్! ఊరికి ఓ కబురు చేస్తే బండెడు పంపించేవాళ్లుగా!" అని ప్యాకెట్టు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది చెప్పండి? పత్తి చేలోనూ, మిరప తోటలోనూ గరికంటే రైతుకి శత్రువు. పీకినకొద్దీ వస్తుంది. అలాంటిదాన్ని పావుకిలో గింజలు, రంగుల బొమ్మ ఉన్న సంచీలో, డబ్బు పోసి తెచ్చుకున్నదాన్ని నేనే!

మాది నరసరావుపేట. మా ఇంటి గేటుకీ వరండాకీ మధ్య ముప్పై గజాల ఖాళీ స్థలం ఉంది. మా వీధిలో అందరూ ఆపాటి చోటు కనిపిస్తే నాపరాళ్లు పరిపించేస్తారు. పల్నాట్లో రాతికేం కరువు! మావారు మాత్రం ఇల్లు కట్టిన కొత్తలో ముచ్చటపడి, నర్సరీ నుంచి పచ్చగడ్డిని తివాచీ ముక్కల్లా తెప్పించి పరిపించారు. రెండేళ్లు అది బాగానే ఉంది. వచ్చినవాళ్లు చెప్పులు గేటు దగ్గరే విప్పి, దానిమీద నడిచి, "అబ్బ, ఎంత మెత్తగా ఉందండీ" అనేవాళ్లు. మూడో ఏడు రోహిణీ కార్తె వచ్చేసరికి మాడిపోయి, అక్కడక్కడా తుంగ మొలిచి, బట్టతలమీద మిగిలిన వెంట్రుకల్లా తయారైంది.

"నాపరాళ్లు పరిపించేద్దాం" అన్నారు మావారు, విసుగొచ్చి. "ప్లాస్టిక్ గడ్డి పరిస్తే సరి, నీళ్ల ఖర్చుండదు" అన్నాడు మా అబ్బాయి. ప్లాస్టిక్ గడ్డేమిటి నా మొహం! ఎండాకాలం దానిమీద అడుగు పెడితే కాళ్లు కాలిపోవూ? ఆ పంతంతో, "గింజలు చల్లి నేనే మొలిపిస్తాను" అనేశాను. అనడం తేలిక. కుండీలో కొత్తిమీర తప్ప నేను విత్తనం వేసి ఏదీ మొలిపించి ఎరగను.

ప్యాకెట్టుమీద 'బెర్ముడా గడ్డి' అని ఉంది. బెర్ముడా అంటే అట్లాంటిక్ మహాసముద్రంలో కొన్ని దీవులు. పేరు చూసి ఇదేదో సీమ గడ్డి కాబోలనుకున్నాను. కిందనే చిన్న అక్షరాల్లో 'సైనోడాన్ డాక్టిలాన్' అని శాస్త్రీయ నామం రాసి ఉంది. అది చదివి కాలేజీలో బోటనీ చదువుతున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మా, ఇది మన వినాయకుడి గరికే!" సంస్కృతంలో దూర్వ, హిందీలో దూబ్, తెలుగులో గరిక. అమెరికావాళ్ల నోట అది బెర్ముడా అయింది. ఆ పేరుతో అది నరసరావుపేట విత్తనాల కొట్టుకి వచ్చేసరికి, చవితినాడు చేత్తో తుంచుకునే గరికని నేనే గుర్తుపట్టలేకపోయాను.

సరే, దీని కథేమిటో చూద్దామని పుస్తకాలు తిరగేశాను. ఇంటిముందు గడ్డి పెంచి, దాన్ని పశువుకి పెట్టకుండా కత్తిరించి పారేసే వేడుక ప్రభువులది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ రాజు వెర్సాయ్ కోట చుట్టూ లెనోత్ర్ అనే ఉద్యానశిల్పి చేత తోటలు వేయించాడు. అందులో ఒక పొడుగాటి పచ్చిక పట్టీ పేరే 'పచ్చ తివాచీ'. ఇంగ్లండు ప్రభువులూ తమ మేడల ముందు పచ్చిక బయళ్లు పెంచారు. పొడుగు పిడి కొడవళ్లతో దాన్ని సమంగా కోయడానికి బోలెడంతమంది పనివాళ్లు కావాలి. అంత నేల ఉండీ అందులో గింజ పండించుకోనక్కర్లేదంటే ఎంత ఐశ్వర్యం! ఆ సంగతి వచ్చేపోయేవాళ్లందరికీ తెలియాలి కదా మరి.

1830లో స్ట్రౌడ్ అనే ఊరివాడు ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్నిబట్టల మిల్లులో బట్టమీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందట. బట్ట నూగు తీసినట్టే నేల నూగూ తీయవచ్చునన్నమాట! ఆ తరవాత పనివాళ్ల దండు లేనివాళ్లకీ ఈ ముచ్చట అందుబాటులోకి వచ్చింది. దొరలు మన దేశం వచ్చినప్పుడు బంగళాలతోపాటు ఆ ముచ్చటనీ తెచ్చుకున్నారు. కానీ వాళ్ల చలిదేశపు గడ్డి మన ఎండకి ఎక్కడ ఆగుతుంది? చివరికి మన గరికనే నమ్ముకోవలసి వచ్చింది.

ఇంత చరిత్ర తెలుసుకున్నాక ఇక పారేయకుండా ఉంటానా? జులై మొదట్లో నాలుగు చినుకులు పడగానే పని మొదలెట్టాను. పాత గడ్డిని వేళ్లతో సహా తీయించాను. తుంగ గడ్డలు ఒక్కొక్కటీ ఏరాను. ఒక్క గడ్డ మిగిలితే నెలకి పదవుతుంది మరి. మట్టి జానెడు లోతు గుల్ల చేయించి, చివికిన పశువుల ఎరువు కలిపి, పొడుగాటి చెక్కతో చదును చేశాం. గరిక గింజ చూస్తే నూక కంటే సన్నం. చేత్తో చల్లితే ఒకచోట గుప్పెడు, ఇంకోచోట ఏమీ ఉండదు. అందుకని నాలుగింతల పొడి ఇసుకలో కలిపి, సగం నిలువునా, సగం అడ్డంగా చల్లాను. లోతుగా పూడిస్తే మొలవదు. పైన జల్లించిన ఎరువు పల్చగా చల్లి, పలకతో నొక్కి, చిల్లుల మూతి డబ్బాతో రోజుకి మూడుసార్లు తడిపాను. గొట్టంతో పెడితే గింజలన్నీ కొట్టుకుపోయి గేటు దగ్గర చేరతాయి.

వారం గడిచింది. చీమలు గింజలు మోసుకుపోయాయి, పిచ్చుకలు వచ్చి తిన్నాయి, మావారు రోజూ పొద్దున్నే "ఏమైనా మొలిచిందా?" అని అడగటం మానలేదు. తొమ్మిదోనాడు వంగి చూస్తే మట్టిమీద పచ్చటి పొగమంచు కమ్మినట్టుంది. మోకాళ్లమీద కూర్చుని చూశాను. మొలకలే! అత్తగారిని చెయ్యి పట్టుకు తీసుకొచ్చి చూపించాను. "ఊఁ, గరికేగా, మొలవక ఏం చేస్తుంది" అన్నారు గానీ, మర్నాడు పొద్దున నాకంటే ముందే లేచి అక్కడ నిలబడి ఉన్నారు.

మూడోవారంలో ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. వెళ్లి చూద్దును కదా, ఒక మేక నా పచ్చిక మధ్యలో నిలబడి నింపాదిగా మేస్తోంది! పక్కవీధిలో రెండు మేకల్ని పెట్టుకుని బతికే ఒకావిడది అది. నాకు ఒళ్లు మండిపోయింది. చీపురు పుచ్చుకుని దాన్ని తరిమాను. పరుగెత్తుకొచ్చిన ఆ మనిషిని నోటికొచ్చినట్టు అన్నాను. "ఎంత ఖర్చయిందో తెలుసా? ఈసారి వస్తే కట్టేసి డబ్బులు కట్టాకే వదులుతాను" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. "తప్పయిందమ్మా, తాడు తెంపుకుంది" అని మేకని తీసుకుని వెళ్లిపోయింది.

వరండాలో కూర్చున్న మా అత్తగారు అప్పుడన్నారు: "ఏమే అమ్మాయ్, పుల్లరి వసూలు చేస్తావా ఏమిటి?"

ఆ మాట నాకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. పల్నాట్లో ఆ మాటకున్న బరువు తెలియనిదాన్ని కాదు మరి.

పల్నాడు అనగానే అందరికీ కోడిపందెం, కారంపూడి రణరంగం, బ్రహ్మనాయుడు, నాగమ్మ గుర్తొస్తారు. గడ్డికోసం జరిగిన పోరాటం అంతగా గుర్తురాదు. పుల్లు అంటే గడ్డి. తమిళంలో ఇప్పటికీ ఆ మాటే. అరి అంటే పన్ను. పుల్లరి అంటే పశువుల మేతమీద పన్ను. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. తాతముత్తాతలనాటి నుంచి పశువుల్ని తోలుకెళ్లిన అడవి సర్కారుదైపోయింది. పశువుకి ఇంత అని కట్టి చీటీ తీసుకోవాలి. లేకపోతే పశువు బందెలదొడ్డికి పోతుంది.

అప్పటి పల్నాడు ఇప్పటిలా ఉండేది కాదు. నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న, కాలువలకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంతకుముందు ఇక్కడ వానే దిక్కు. వాన పడితే జొన్న, జొన్న పండితే చొప్ప. వాన తప్పిందా, గొడ్డుకి అడవే గతి. ఆ అడవిలో పోచకి కూడా వెల కట్టమంటే రైతు ఏమైపోవాలి?

1920లో సహాయనిరాకరణ ఉద్యమం వచ్చింది. గుంటూరు జిల్లా అంతా అట్టుడికిపోయింది. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, పెదనందిపాడులో పర్వతనేని వీరయ్యచౌదరిగారు జనాన్ని నడిపించారు. పల్నాట్లో రైతులు పుల్లరి కట్టమన్నారు. అధికారులకి పాలు పోయలేదు, సరుకులు అమ్మలేదు, బట్టలు ఉతకలేదు. ఆలోచించి చూడండి, పాలు పోయనన్నది ఎవరై ఉంటారు? ఇంట్లో పాడి చూసుకునేది ఆడవాళ్లే కదా. ఆ ఇల్లాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. ఆ ఉద్యమ సందర్భంలోనే జైలుకి వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' నవల రాశారు. గుంటూరులో ఆడపిల్లల చదువుకోసం శారదానికేతనం పెట్టిన దంపతుల్లో ఆయన ఒకరు, రెండోవారు ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారు.

దుర్గి దగ్గర మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు. పుల్లరి కట్టలేని పేదవాడు కాడని చెప్పుకుంటారు. ఆయన కట్టనన్నాడు, పక్క ఊళ్లవాళ్లనీ కట్టవద్దన్నాడు. చౌరీచౌరా సంఘటన తరవాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో ఉద్యమం ఆపాలని తీర్మానమైంది. ఢిల్లీలో, మద్రాసులో అందరికీ ఉద్యమం ఆగిపోయింది. పల్నాటి అడవి అంచున ఆగలేదు. ఆ నెల ముగియకముందే పోలీసుల తుపాకి గుళ్లకి హనుమంతు ప్రాణాలు పోయాయి. ఆయన పోయిన నూరేళ్లకి, 2022 ఏప్రిల్ 4న, నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడింది.

గడ్డిపోచంటే మనకి లెక్కలేదు. తీసిపారేయాలంటే "గడ్డిపోచలా" అంటాం. ఆ పోచకోసం ఇక్కడ ఒక మనిషి చనిపోయాడు. అదే నేలమీద, అదే గరికని ప్యాకెట్టులో కొనితెచ్చి మొలిపించి, నేనేమో ఒక మేకకి లెక్క కట్టాను! ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్లాను. తప్పయిందని చెప్పడం ఎలాగో తెలియక, "నెల తిరిగితే గడ్డి కోయించాలి. కోసినదంతా నీ మేకలకి తీసుకుపో" అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, "వేర్లు పట్టిందాకా ఇటు రానివ్వన్లేమ్మా, ఇప్పుడు లాగితే మొత్తం ఊడొస్తది" అంది. అన్నన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు నడిమికి పచ్చిక నాలుగు వేళ్ల ఎత్తు పెరిగింది. మొదటిసారి కత్తెరతో పైపైన మాత్రమే కోశాం. గరిక కోసినకొద్దీ పక్కకి పాకుతుంది, ఖాళీలు అవే నిండుతాయి. మేక నిలబడ్డ చోటు ఇప్పుడు నేను వెతికినా దొరకదు. ఆవిడ వారానికోసారి వచ్చి గంపకెత్తుకుంటోంది. కోసినప్పుడు తుంగ కనిపిస్తే తనే పీకి పడేస్తుంది.

వినాయక చవితినాడు పొద్దున్నే వీధిలో పిల్లలంతా మా గేటు ముందు చేరారు. పూజకి గరిక కావాలట. "రండి, రండి, కావలసినంత కోసుకోండి" అన్నాను.

మా అత్తగారు వరండాలోంచి కేకేశారు: "పుల్లరి కట్టి మరీ కోసుకోండర్రా! మా కోడలు డబ్బు పోసి కొన్న గరిక!"