ఏడొందల ఏళ్ళ జిరాక్స్ కొట్టు

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అటక మీద సామాను దింపుతుంటే నా బీటెక్ నోట్సు కట్ట ఒకటి దొరికింది. మూడో సంవత్సరం ఆపరేటింగ్ సిస్టమ్స్. చేతిరాత నాది కాదు. మా సీనియర్లకి సీనియర్ అయిన ఒకమ్మాయిదని చెప్పుకునేవాళ్ళం. జిరాక్స్‌కి జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్ తీసుకుంటూ పోయేసరికి పేజీ మూలన ఉండాల్సిన ఆవిడ పేరు ఎప్పుడో ఎగిరిపోయింది. లైబ్రరీలో గాల్విన్ పుస్తకాలు రెండో మూడో ఉండేవి, అవి ఎప్పుడూ ఎవరి దగ్గరో ఉండేవి. కాబట్టి మా బ్యాచ్ మొత్తానికి ఆపరేటింగ్ సిస్టమ్స్ నేర్పింది కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టే అనాలి.

ఆ నోట్సులో ఒక తప్పుంది. ప్రొడ్యూసర్-కన్స్యూమర్ ప్రాబ్లెమ్‌లో ప్రొడ్యూసర్ ముందు మ్యూటెక్స్ పట్టుకుని, ఆ తర్వాత ఖాళీ కోసం ఎదురు చూస్తాడు. బఫర్ నిండి ఉందనుకోండి, ఇక అంతే సంగతులు. వీడు తాళం వదలడు, కన్స్యూమర్ లోపలికి రాలేడు. క్లాసులో అరవై మందిమీ పరీక్షలో శ్రద్ధగా ఆ డెడ్‌లాకే రాసి పాసయ్యాం. అది తప్పని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి, అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ హ్యాంగ్ అయినప్పుడు.

ఈ కాపీల గొడవ మన కాలేజీలతో మొదలైంది కాదు. యూనివర్సిటీ అనేది పుట్టిన కొత్తల్లోనే ఉంది. 13వ శతాబ్దంలో ఇటలీలోని బొలోన్యాలో, ఫ్రాన్స్‌లోని పారిస్‌లో చదువుకునేవాళ్ళకి అచ్చు పుస్తకాలు లేవు. ఒక లా పుస్తకం చేత్తో రాసుకోవాలంటే నెలలు పడుతుంది. అన్నాళ్ళూ అసలు ప్రతి ఒక్కడి దగ్గరే ఉండిపోతే మిగతావాళ్ళ గతేంటి? దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం పేరు పెచియా, అంటే ముక్క. పుస్తకాన్ని బైండు చెయ్యకుండా సాధారణంగా నాలుగేసి ఆకుల ముక్కలుగా ఉంచేవాళ్ళు. మీరు ఒక ముక్క అద్దెకి తీసుకెళ్ళి రాసుకుని, తిరిగిచ్చేసి తర్వాతి ముక్క పట్టుకెళ్ళాలి. మీరు మూడో ముక్క రాసుకుంటుంటే ఇంకొకడు పదకొండోది రాసుకుంటూ ఉంటాడు. ఒకే ప్రతి నుంచి ఒకేసారి పది, ఇరవై కాపీలు తయారవుతుంటాయి. టొరెంట్ వాడినవాళ్ళకి వేరే వివరించక్కర్లేదు :) ఆ కాలపు రాతప్రతుల మార్జిన్లలో ముక్కల నంబర్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ ముక్కల్ని అద్దెకిచ్చే కొట్టువాళ్ళనే స్టేషనర్లు అనేవారు. వీధుల్లో తిరిగి అమ్ముకోకుండా ఒకచోట స్థిరంగా కూర్చునేవాళ్ళని అర్థం. మనం పెన్నులు కొనుక్కునే స్టేషనరీ షాపుకి ఆ పేరు అక్కడినుంచి వచ్చిందే. నాకు బాగా నచ్చింది మాత్రం యూనివర్సిటీ చేసిన పని. కాపీ చెయ్యొద్దు అనలేదు. ఏ పుస్తకం ముక్కకి ఎంత అద్దె తీసుకోవాలో తనే నిర్ణయించింది. పారిస్‌లో 1304 నాటి ధరల పట్టిక ఇప్పటికీ ఉంది. బొలోన్యాలో అయితే ఆ ప్రతుల్లో తప్పులున్నాయేమో చూడ్డానికి ప్రత్యేకంగా మనుషుల్నే పెట్టారు, తప్పుల ప్రతి అద్దెకిచ్చిన కొట్టువాడికి జరిమానా వేశారు. మా కాలేజీ ఎదురుగా ఉన్న కొట్టుకి అలాంటి మనిషి ఒక్కడున్నా నాకు ఆ రాత్రి నిద్ర దక్కేది.

అలాగని యూనివర్సిటీలు ఎప్పుడూ విద్యార్థుల పక్షమే అనుకోకండి. 1355లో పారిస్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ ఒక రూల్ పెట్టింది. మాస్టార్లు డిక్టేషన్ చెప్పకూడదు, ఎదురుగా ఎవరూ రాసుకోవడం లేదన్నట్టు గడగడా చెప్పుకుపోవాలి. దీనికి ఎదురుతిరిగి అరిచినా, ఈలలు వేసినా, రాళ్ళు విసిరినా ఏడాది బహిష్కరణ. రాళ్ళ సంగతి కూడా రూల్లో రాశారంటే ఏం ఊహించుకున్నారో, ఏం చూశారో!

నోట్సు అంటే పరీక్షల ముందు మాత్రమే పనికొచ్చే సరుకని మనకో చిన్నచూపు. ఆధునిక భాషాశాస్త్రానికి మూలం అనదగ్గ సొస్యూర్ పుస్తకం ఆయన రాసింది కాదు. జెనీవాలో 1907 నుంచి 1911 దాకా మూడుసార్లు ఆ కోర్సు చెప్పి, 1913లో పోయాడాయన. విద్యార్థుల నోట్సులు పోగుచేసి 1916లో పుస్తకం వేసిన సహోద్యోగులిద్దరూ ఆ క్లాసుల్లో కూర్చోనివాళ్ళే. మూడోసారి కోర్సు విన్న ఇంకో విద్యార్థి నోట్సు 1958లో బయటపడేసరికి, అచ్చయిన పుస్తకంలో మాస్టారెంత, ఎడిటర్లెంత అన్న చర్చకి ఇంకా బలమొచ్చింది.

మన ఫీల్డుకొస్తే, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అని ఒక మాస్టారు ఉండేవారు. యూనిక్స్ ఆరో ఎడిషన్ కెర్నల్ సోర్సు అంతా కలిపి సుమారు 9000 లైన్లు. దాన్ని ఒక పుస్తకంగా, దానికి తన వ్యాఖ్యానం ఇంకో పుస్తకంగా తన ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు కోసం 1976-77లో తయారుచేశారు. మన పండితులు కావ్యానికి టీకా రాసినట్టు కోడ్‌కి టీకా అన్నమాట. ఒక నిజమైన ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదటినుంచి చివరిదాకా ఒక మనిషి చదివి అర్థం చేసుకోవచ్చని చూపించింది ఆ నోట్సే. ప్రాసెస్‌లు మార్చే చోట, ఇది మీకు అర్థమవుతుందని మేం అనుకోవట్లేదు అనే భావంతో రాసిన ఆ ప్రసిద్ధ కామెంటు ఉన్న కోడ్ కూడా ఇదే.

1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్ వచ్చింది. దాని లైసెన్సులో ఏటీ అండ్ టీ, సోర్సుని క్లాసుల్లో పాఠంగా చెప్పకూడదని షరతు పెట్టింది. మరి పాఠం ఆగిందా? లయన్స్ నోట్సు జిరాక్స్‌కి జిరాక్స్‌గా దేశాలు తిరిగింది. అక్షరాలు అలుక్కుపోయిన కాపీ దగ్గరుండటం ఒక గొప్ప. చివరికి 1996లో హక్కులున్నవాళ్ళ అనుమతితో బాహాటంగా అచ్చయింది. ఆ అట్ట మీద వేసింది కూడా దొంగచాటుగా జిరాక్స్ తీసుకునే బొమ్మే. రెండేళ్ళకి, 1998లో లయన్స్ చనిపోయారు.

నిషేధానికి ఇంకో ఫలితం కూడా ఉంది. పాఠం చెప్పడానికి యూనిక్స్ కుదరదు కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో టానెన్‌బామ్ సొంతంగా మినిక్స్ రాసి 1987లో పుస్తకంతో సహా బయటపెట్టారు. ఆ మినిక్స్ మీద కూర్చునే 1991లో హెల్సింకీ విద్యార్థి టోర్వాల్డ్స్ లినక్స్ మొదలెట్టాడు. ఎంఐటీవాళ్ళు 2006లో అదే ఆరో ఎడిషన్‌ని కొత్త సీలో తిరగరాసి, ఎక్స్‌వీ6 అని పేరుపెట్టి, వ్యాఖ్యానంతో సహా ఉచితంగా పెట్టారు. ఇప్పుడు మన ఐఐటీల్లో కూడా దాంతో పాఠాలు చెబుతున్నారు.

మన దేశంలో ఈ పంచాయతీ కోర్టుకెక్కింది 2012లో. ఢిల్లీ యూనివర్సిటీ క్యాంపస్‌లో, యూనివర్సిటీ అనుమతితోనే నడుస్తున్న రామేశ్వరి ఫోటోకాపీ కొట్టు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కేసు వేశాయి. సిలబస్‌లోని అధ్యాయాలు రకరకాల పుస్తకాల నుంచి తీసి కట్టగా అమ్ముతున్నారని ఫిర్యాదు. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు కేసు కొట్టేసింది. లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పుకానిది మెషీన్‌తో తీసుకుంటే తప్పెలా అవుతుందన్నది జడ్జిగారి తర్కంలో ఒక భాగం. డిసెంబర్‌లో డివిజన్ బెంచి మాత్రం, తీసిన భాగాలు నిజంగా పాఠానికి అవసరమైనవేనా అన్నది విచారించమంటూ కొంత వెనక్కి పంపింది. 2017 మార్చిలో పబ్లిషర్లే కేసు వదులుకున్నారు. పుస్తకం రాసినవాడికి డబ్బు రాకపోతే ఎలా అన్న ప్రశ్న చిన్నదేం కాదు, నేనూ కోడ్ రాసుకుని బతికేవాణ్ణే. కానీ నాలుగు అధ్యాయాల కోసం నాలుగు ఖరీదైన పుస్తకాలు కొనగలిగిన వాళ్ళు నా క్లాసులో ఒక్కరూ లేరు. కొనలేనివాడికి ఏదో ఒక దారి చూపించే బాధ్యత యూనివర్సిటీదేనని బొలోన్యావాళ్ళకి అప్పుడే తెలుసు.

అటక మీంచి దించిన కట్ట మా మేనల్లుడికి చూపించాను. వాడు బీటెక్ మూడో సంవత్సరం. రెండు పేజీలు తిప్పి, "ఇది నా దగ్గరుంది మావయ్యా" అని ఫోన్ తీశాడు. వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన పీడీఎఫ్. అదే చేతిరాత, పేరు లేని అదే మూల. గబగబా సెమఫోర్ల పేజీకి వెళ్ళి చూశాను. ముందు మ్యూటెక్స్, ఆ తర్వాత ఖాళీ.

కూర్చోబెట్టి, బొమ్మ గీసి, ఎక్కడ ఇరుక్కుపోతుందో చెప్పాను. అంతా విన్నాడు. "అర్థమైంది మావయ్యా, కానీ అందరూ అలాగే రాస్తున్నార్లే, మార్కులు వేసేస్తారు" అన్నాడు. ఆ పేజీ సరిచేసి, ఫోటో తీసి, వాళ్ళ గ్రూప్‌లో పెట్టించేదాకా వాణ్ణి లేవనివ్వలేదు.