చదివింపుల పట్టీ

వివాహవేదికయొద్ద బంధుమిత్రు లొసగు కానుకలను దాత పేరుతో బిగ్గరగా చదివి పుస్తకమున వ్రాయు ఆచారమునకు చదివింపులని పేరు. కన్నడమున దీనికి సాటియైనది ముయ్యి; పుచ్చుకొన్నవారు మరల నిచ్చుకొను కానుక యని భావము. బళ్ళారి సీమలో ఈ రెండు మాటలును వినవచ్చును.

1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునను, బళ్ళారి మొదలగు తాలూకాలు మైసూరునను చేరినవి. ఎల్లలు మారెనే గాని వియ్యములు మారలేదు. ఇరువైపుల ఊళ్ళపేళ్ళును చదివింపుల పుస్తకమున నొకే పుట నుండును.

పడమటి పద్ధతి వేరు. చికాగోలోని మార్షల్ ఫీల్డు అంగడి 1924లో వధువు కోరిన వస్తువుల పట్టిక నుంచి, బంధువులు దానిని చూచి కొనునట్లు ఏర్పాటు చేసెను. అచట పట్టిక కానుకకు ముందు పుట్టును, ఇచట తరువాత. అది కోరికను దెలుపును. ఇది ఋణమును దెలుపును. మొత్తమును సభ యంతయు వినుటచే ఆ ఋణము పేదకు బరువగుటయు గలదు.

వరకట్న నిషేధచట్టము 1961లో వచ్చినది. 1985 అక్టోబరు 2 నుండి అమలైన నియమముల ప్రకారము వధువునకు వచ్చిన కానుకల పట్టికను వధువే యుంచుకొనవలెను. వస్తువు, ఉజ్జాయింపు వెల, దాత పేరు, బంధుత్వము అందుండవలెను. వధూవరులిరువురును సంతకము చేయవలెను. మన పుస్తకమో, సాధారణముగా ఇంటిపెద్దల పెట్టెలో నుండును. అందుచేతనే మా తెలుగు తరగతి బాలికలకు ఈ పట్టీ వ్రాయుటను పాఠముగా జెప్పుచున్నాను. తన సొత్తును తన చేతితో వ్రాసికొన్న ఆడుబిడ్డకు ఆ వ్రాతయే సాక్షి.