ఓడలను కొరికిన బుడగలు

అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో మురికిని వదలగొట్టేవి నీటిలో పుట్టీ పుట్టగానే కూలిపోయే సూక్ష్మమైన బుడగలు. వీటి బలం మొదట తెలిసివచ్చింది ఓడలు కట్టేవాళ్లకు, అదీ నష్టం రూపంలో. ఐర్లాండ్‌లోని బర్ కోటలో పెరిగిన ఛార్లెస్ పార్సన్స్ 1894లో ఆవిరి టర్బైన్‌తో నడిచే ‘టర్బీనియా’ను నీటిలోకి దించాడు. ఇంజను ఎంత జోరుగా తిరిగినా ఓడ అనుకున్న వేగం అందుకోలేదు. ప్రొపెల్లర్ రెక్కల దగ్గర ఒత్తిడి పడిపోయి, నీరు చల్లగా ఉండగానే ఆవిరై ఖాళీలు ఏర్పడుతున్నాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. పార్సన్స్ చిన్న నీటి సొరంగం కట్టి ఆ బుడగలను కళ్లారా చూశాడు. ఒక్క ఇరుసు తీసేసి మూడు ఇరుసులు, తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చాడు. 1897లో స్పిట్‌హెడ్ నౌకాదళ ప్రదర్శనలో టర్బీనియా 34 నాట్లకు పైబడిన వేగంతో దూసుకుపోయింది.

వేగం సంగతి తేలినా, బుడగలు కూలిన చోటల్లా ప్రొపెల్లర్ లోహం గుంటలు పడటం ఆగలేదు. బుడగ కూలేటప్పుడు దాని చుట్టూ ఎంత ఒత్తిడి పుడుతుందో 1917లో లార్డ్ రేలీ లెక్కకట్టాడు. ఆ ఏడే ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్ పలకలను ఉక్కు రేకుల మధ్య బిగించి, విద్యుత్తుతో కంపింపజేసి, చెవికి అందని శబ్దాన్ని నీటిలోకి పంపాడు. జలాంతర్గాములను పట్టుకోవాలన్నది ఉద్దేశం. ఆ అవసరం ఐర్లాండ్ దక్షిణ తీరంలోని కార్క్ హార్బర్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదు. 1915 మే 7న ప్రయాణికుల ఓడ లూసిటానియాను జర్మన్ జలాంతర్గామి ముంచినప్పుడు ప్రాణాలతో బయటపడ్డవారిని చేర్చింది రింగాస్కిడీకి ఎదుటి ఒడ్డున ఉన్న క్వీన్స్‌టౌన్‌కే, అంటే నేటి కోవ్‌కు. 1917 మేలో అమెరికా డిస్ట్రాయర్లు జలాంతర్గాముల వేటకు వచ్చి ఆగిందీ అక్కడే. లాంజెవిన్ శబ్దం దగ్గరికొచ్చిన చేపలు చచ్చేవి, నీటిలో చెయ్యి పెడితే నొప్పి పుట్టేది. అంత బలమైన శబ్దం కూడా నీటిలో అలాంటి బుడగలనే పుట్టించి కూలుస్తుంది. చవకైన పీజోఎలక్ట్రిక్ పింగాణీ పలకలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దొరకడంతో, 1950లలో ఆ బలాన్నే తొట్టెలో పెట్టి కడగడానికి వాడుకున్నారు.

ఆ హార్బర్ ఒడ్డునే ఉన్న రింగాస్కిడీలో ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలతో పాటు కృత్రిమ మోకీళ్లు తయారుచేసే డెప్యూ కర్మాగారం ఉంది. ఇలాంటి లోహపు కీళ్లకు మెరుగుపెట్టాక పాలిష్ ముద్ద, నూనె సందుల్లో ఇరుక్కుంటాయి. బ్రష్ చేరని చోటికి బుడగ చేరుతుంది కాబట్టే ఈ పరిశ్రమలో అల్ట్రాసోనిక్ తొట్టె మామూలు సామగ్రి.

చిన్న వర్క్‌షాపుకు యంత్రం కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఫ్రీక్వెన్సీ. 25 కిలోహెర్ట్జ్ దగ్గర బుడగలు పెద్దవి, దెబ్బ గట్టిది. జిడ్డు పట్టిన ఇంజను భాగాలకు అది సరిపోతుంది. 80కి పైన బుడగలు చిన్నవి, మృదువైనవి. ఎక్కువమందికి 40 కిలోహెర్ట్జ్ చాలు. తొట్టె, కడగవలసిన భాగం కన్నా బాగా పెద్దదిగా ఉండాలి. హీటరు ఉంటే మేలు, ఎందుకంటే డిటర్జెంటు కలిపిన నీరు సాధారణంగా 50 నుంచి 65 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. రక్తం అంటిన పరికరాలకు మాత్రం 45 దాటకూడదు. దాటితే మాంసకృత్తులు గడ్డకట్టి మరింత అంటుకుంటాయి. గాఢమైన క్షార ద్రావణం అల్యూమినియాన్ని తినేస్తుంది. పెట్రోలు, థిన్నరు, స్పిరిట్ నేరుగా తొట్టెలో పోయడం నిప్పుతో చెలగాటమే.

కొత్తగా పోసిన నీటిలో గాలి కలిసి ఉంటుంది, అది దెబ్బను మెత్తబరుస్తుంది. అందుకే వస్తువులు వేయకముందే యంత్రాన్ని కొన్ని నిమిషాలు ఒట్టిగా నడపాలి. భాగాలను బుట్టలో వేలాడదీయాలి తప్ప అడుగున పెట్టకూడదు. పెడితే అడుగు రేకు అరిగిపోతుంది. నడుస్తుండగా చెయ్యి పెట్టకూడదు. పనితీరు తెలియాలంటే పల్చటి అల్యూమినియం రేకు ముక్కను ఒక నిమిషం ముంచి తీస్తే చాలు. అంతటా సమానంగా చిల్లులు, గుంటలు పడితే తొట్టె బాగున్నట్టు.

నగల విషయంలో ఒక మాట. బంగారం, వజ్రం సాధారణంగా తట్టుకుంటాయి గానీ, హైదరాబాదీ ముత్యాల హారం తట్టుకోదు. పగుళ్లలో నూనె నింపిన పచ్చలూ, ఓపల్ రాళ్లూ అంతే. జిగురుతో అతికించిన రాయి ఊడి రావచ్చు. తీసిన వస్తువును శుభ్రమైన నీటితో కడిగి వెంటనే ఆరబెట్టాలి. జిడ్డు పూర్తిగా పోయిన ఉక్కు చాలా త్వరగా తుప్పు పడుతుంది.